మూత పెట్టిన బిందె

పళ్ల మిషను ఊటగుంపుకు వచ్చిన రోజు జోగా తాత నోరు తెరవనని మొండికేశాడు.

"ఉన్నది ఒక్క పన్ను. దాన్ని కూడా వీళ్లకు చూపెట్టి దిష్టి తగిలించుకోవాలా?" అన్నాడు, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని.

చుట్టూ చేరిన ఆడవాళ్లు నవ్వారు. సుక్కి మాత్రం నవ్వలేదు. ఆమె మెడలో నీలం తాడుకు ఒక కార్డు వేలాడుతోంది. దాని మీద ఆమె ఫోటో, కింద 'దుబాసీ' అన్న మాట ఉన్నాయి. పదిహేడేళ్ల సుక్కికి అది మొదటి ఉద్యోగం. ఊటగుంపులో తెలుగు చదవడం, రాయడం వచ్చింది ఆమె ఒక్కదానికే. మిషను వాళ్ల తెలుగును కోయ మాటల్లోకి, వీళ్ల మాటల్ని తెలుగులోకి మార్చి చెప్పాలి. నలుగురిలో గొంతెత్తడమంటేనే ఆమెకు చెమటలు పడతాయి.

"పీకరు తాతా. వెలుగు వేసి చూస్తారు, అంతే."

"ఏం చూస్తారు?"

"నువ్వు ఎన్నేళ్ల నుంచి ఏ నీళ్లు తాగుతున్నావో."

"ఆ మాట నన్నడిగితే చెప్పనా? పదిహేనేళ్ల నుంచి మొర్రివాగు నీళ్లు."

"నువ్వు చెప్తే నమ్మరు తాతా. నీ పన్ను చెప్తే నమ్ముతారు."

"నాకన్నా దానికే విలువని ముందే తెలిస్తే మిగతావాటిని ఊడనిచ్చేవాణ్ణి కాదు" అని తాత చెయ్యి తీసి నోరు తెరిచాడు.

రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య కూడా కాగితాలు అడిగే రోజులు వచ్చి నాలుగేళ్లయింది. అంతకు చాలా ముందే, గుట్టల అవతలి రాష్ట్రంలో తుపాకులు మోగిన కాలంలో, ముప్పై కుటుంబాలు మూటలు నెత్తిన పెట్టుకుని ఇవతలి అడవిలోకి వచ్చాయి. మొర్రివాగు ఒడ్డున గుడిసెలు వేసుకున్నాయి. అప్పటికి సుక్కికి రెండేళ్లు. అమ్మ హిడిమె వీపున గుడ్డలో కట్టుకుని తెచ్చింది. తండ్రి మరుసటేడు అన్నను చూసొస్తానని గుట్ట ఎక్కి వెళ్లాడు, తిరిగి రాలేదు. చెల్లెలు ఉంగి ఊటగుంపులోనే పుట్టింది. హిడిమె మళ్లీ మనువాడిన మనిషికి పుట్టిన పిల్ల. తర్వాత అతను జ్వరంతో చనిపోయాడు.

వాళ్లెవరి దగ్గరా కాగితాలు లేవు. కొత్త చట్టం వాళ్లకు ఒకే దారి చూపించింది. పదేళ్లు ఇవతల బతికినట్టు, పిల్లలైతే ఇవతలే పుట్టినట్టు రుజువైతే స్థిరనివాస పత్రం వస్తుంది, ఉన్నచోటే ఉండొచ్చు. రుజువు కాకపోతే వానలు పడేలోపు లారీల్లో ఎక్కించి గుట్టల అవతల శిబిరంలో దించేస్తారు. ఏడాది కిందటి దాకా ఇద్దరు స్థానికులు సాక్ష్యం చెప్తే చాలన్నారు. దొంగ సాక్ష్యాలు ఎక్కువయ్యాయని దాన్ని తీసేసి ఈ మిషను పెట్టారు.

దాని అసలు పేరు నీటిసాక్షి. డాక్టర్ ఇందుమతి పన్నెండేళ్లు కూర్చుని తయారుచేసింది. మొదటిరోజే సుక్కి బెదురు పోగొట్టడానికి మిషనుకున్న సన్నటి కడ్డీని తన చిగుళ్లకే ఆనించుకుంది. పక్కన తెర మీద చెట్టు కాండాన్ని కోసినట్టు వరసగా గీతలు కనిపించాయి.

"పంటి వేరు మీద ఏటా ఒక పొర పేరుకుంటుంది. ఆ ఏడాది తాగిన నీళ్లు ఏ రాళ్ల మీదుగా వచ్చాయో వాటి గుణం ఆ పొరలో మిగిలిపోతుంది. ఇదిగో, ఇక్కడి వరకూ బాపట్లలో నా చిన్నతనం. ఇక్కడి నుంచి హైదరాబాదు. మధ్యలో ఈ రెండు గీతలు చూశావా? పెళ్లయ్యాక విజయనగరంలో. నచ్చలేదు, వచ్చేశా."

సుక్కికి నవ్వొచ్చింది. అంత పెద్ద మేడం సొంత సంగతి తనకు చెప్పడం వింతగా అనిపించింది.

"కాగితం లేనివాళ్ల కోసమే చేశాను దీన్ని. కాగితం కాలిపోతుంది, తడిసిపోతుంది. ఒంట్లో రాసుంది ఎక్కడికీ పోదు" అంది ఇందుమతి.

ఆ మాటను సుక్కి ఇంటింటికీ తిరిగి చెప్పింది. మనం అబద్ధమాడటం లేదు కాబట్టి భయం లేదంది. భయపడి అడవిలోకి పోయిన నాలుగు కుటుంబాల్ని తనే వెతికి, బతిమాలి, వెనక్కి తీసుకొచ్చింది. నూట పన్నెండు మంది ఆమె మాట మీద నోరు తెరిచారు.

రెండో రోజు పొద్దున ఇందుమతి సహాయకుడు ఫణి చేతిలో ఖాళీ సీసాతో వచ్చాడు. "మీవాళ్లు తాగే నీళ్లు ఒక సీసా కావాలంట. తొందరగా, జీపు వెళ్లిపోతోంది" అన్నాడు.

సుక్కి ఆ మాటే అమ్మకు చెప్పింది. హిడిమె సీసా అందుకుని గుడిసెలోకి వెళ్లి, మూలనున్న స్టీలు బిందె మూత తీసింది.

ఆ బిందె సంగతి చెప్పాలి. ఊటగుంపు వాళ్లు వాగు ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరిన నీళ్లు సొరకాయ బుర్రలతో తోడుకుని తాగుతారు. ఎండాకాలంలో ఆ నీళ్లు ఎర్రగా ఉంటాయి. వచ్చిన కొత్తల్లో ఒక టీచరు ఆ నీళ్లు నోట్లో పోసుకుని, వెంటనే పక్కకు ఊశాడు. ఆయన తప్పేమీ లేదు, అలవాటు లేని నోరు. కానీ ఇంటికొచ్చిన మనిషి తమ నీళ్లు ఊశాడన్న సిగ్గు గుంపులో అందరికీ ఉండిపోయింది. అప్పటి నుంచి హిడిమె గుడిసెలో ఒక బిందె పెట్టి, మూడు మైళ్ల దూరంలోని రేగులపాడు బోరు నీళ్లు తెచ్చి నింపుతున్నారు. వంతుల వారీగా మోస్తారు. నర్సమ్మ వచ్చినా, ఫారెస్టు గార్డు వచ్చినా ఆ బిందె మూతే తీస్తారు. ఇంట్లోవాళ్లు జ్వరమొచ్చినా ఆ నీళ్లు ముట్టరు. అవి వచ్చినవాళ్లవి.

ఇప్పుడు నీళ్లు అడిగింది కూడా వచ్చినవాళ్లే కదా. హిడిమె సీసా నిండా పోసి, కొంగుతో తుడిచి ఇచ్చింది.

"ఇవేనా మీరు తాగేది?" అడిగాడు ఫణి, వెలుగులోకి ఎత్తి చూస్తూ. నీళ్లు తేటగా ఉన్నాయి.

సుక్కికి హాస్టలు గుర్తొచ్చింది. ఆరేళ్ల వయసులో ఆమెను పట్నంలో ఆశ్రమ పాఠశాలలో వేశారు. కొత్తలో పంపు కింద దోసిలి పట్టి, అలవాటుగా మట్టి తేరుకోవాలని ఆగితే పక్కపిల్లలు "చెలమ పిల్ల, చెలమ పిల్ల" అని ఏడిపించారు. పదేళ్లు ఆ పేరుతోనే పిలిచారు.

ఆమె తలూపింది. ఫణి సీసా మీద చీటీ అతికించి, 'ఊటగుంపు, తాగునీరు' అని ఆమె చేతే రాయించాడు. సుక్కి గుండ్రటి అక్షరాలతో శ్రద్ధగా రాసింది.

మిషనుకు కరెంటు కావాలి కాబట్టి లెక్కలు తీసే పని రేగులపాడు బడిలో జరిగేది. రోజూ సుక్కి ఫణితో పాటు జీపులో వెళ్లి, పేర్లు చదివి చెప్పేది. బడి ఎదుట టీ కొట్టు దగ్గర ఎప్పుడూ ఊటగుంపు మాటే.

"వీళ్లకి పత్రాలిచ్చేస్తే మన పని అయినట్టే" అన్నాడు ఒకరోజు మిర్చి రైతు చలపతి. "ఇవాళ పిలిస్తే వస్తన్నరు. రేపు పత్రం చేతిలో పడితే కూలి సరిపోదు, ఎండ ఎక్కువైంది అంటరు."

"మరి లారీ ఎక్కిస్తే?" అన్నాడు టీ కాచే మనిషి.

"ఎక్కిస్తే నా కాయ ఎవడు కోస్తడు?"

"అంటే ఉండాలె, పత్రం మాత్రం ఉండకూడదు. భలే చెప్పినవ్ బాబాయ్."

బెంచీ చివర ముత్తమ్మ కూర్చుని ఉంది. రేగులపాడు కోయవాడకు పెద్ద, చుట్టుపక్కల మంత్రసాని. "మీరు కూలి గురించి ఏడుస్తన్నరు. మా పిల్లల సంగతి ఏంది? హాస్టల్లో సీటు, అడవిలో చెలక, అన్నీ వీళ్లతో పంచుకోవాలె. ఉన్నదే గోరంత" అంది.

"అయితే పొమ్మంటవా ముత్తమ్మా?"

"నేనట్ల అన్నానా? వాళ్ల పిల్లల్లో సగం మంది నా చేతుల్ల పుట్టిండ్రు. బొడ్డు కోసిన చేత్తో బయటికి నూకమంటవా?" అని, పక్కన నిలబడ్డ సుక్కిని అప్పుడే చూసి గొంతు తగ్గించింది. "నిన్ను కాదు బిడ్డా. నువ్వు టీ తాగు."

సుక్కి టీ తాగింది. ఎవరికి వాళ్ల మాట న్యాయంగానే ఉంది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఫణి తెర ముందు నుంచి లేచి, కుర్చీ వెనక్కి నెట్టాడు.

"మేడం, వీళ్లు మనకి కథలు చెప్పారు. పదిహేనేళ్లంట. ఇంతవరకూ చూసిన ఒక్కళ్ల పొరల్లోనైనా ఇక్కడి నీళ్లు లేవు. మొన్న గుట్ట దిగొచ్చినట్టున్నారు అందరూ."

ఇందుమతి తెర మీదకు వంగింది. ఒకటి తర్వాత ఒకటి గీతల వరసలు కదిలాయి. హిడిమె, అవతల. జోగా, అవతల. ఉంగి, అవతల.

"ఎనిమిదేళ్ల పిల్ల కూడానా?" అంది ఇందుమతి.

"పుట్టినప్పటి నుంచీ అవతలే. ఇక్కడ పుట్టిందని రాయించారు."

"దేనితో పోల్చావు?"

ఫణి అరలో ఉన్న సీసా చూపించాడు. దాని మీది గుండ్రటి అక్షరాలు సుక్కికి గది ఇవతలి నుంచే కనిపించాయి.

ఆమె అర దగ్గరకు నడిచింది. "అవి మేము తాగే నీళ్లు కావు మేడం."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"అవి ఈ ఊరి బోరు నీళ్లు. మీలాంటోళ్లు వస్తే ఇయ్యడానికి మోసుకొచ్చి పెట్టుకుంటాం. మేం తాగేది చెలమలో. మీరు మంచి నీళ్లు అడిగారనుకుని అమ్మ…" అక్కడ ఆగి, తల దించుకుని అంది. "తప్పు అమ్మది కాదు. నాకు తెలుసు. సిగ్గేసి చెప్పలేదు."

ఫణి ఏదో అనబోయాడు. ఇందుమతి చెయ్యెత్తి ఆపింది. కోప్పడుతుందని సుక్కి ఎదురుచూసింది. ఆమె సంచీ తీసుకుని, "పద, చెలమ చూపించు" అని మాత్రం అంది.

ఆ సాయంత్రమే ఇసుకలో మోకాళ్ల మీద కూర్చుని ఇందుమతి తన చేత్తో చెలమ నీళ్లు పట్టింది. బడికి వచ్చి మిషనులో పెట్టింది. సుక్కి తలుపు దగ్గర నిలబడి తెరనే చూసింది. తప్పు దిద్దుకున్నాక అన్నీ సరైపోతాయని ఆమె నమ్మకం. బళ్లో లెక్క తప్పితే అంతే కదా, తప్పిన చోటు తెలిస్తే జవాబు దానంతటదే వస్తుంది.

తెర మీద రెండు రంగుల పట్టీలు వచ్చాయి. గుట్ట అవతలి నీళ్లది పచ్చ, చెలమ నీళ్లది నీలం. నీలం మెల్లగా జరిగి పచ్చ మీద కూర్చుంది. కొంచెం కూడా తేడా లేకుండా ఆనింది.

ఇందుమతి కిటికీలోంచి గుట్టల వైపు చూసింది.

"మొర్రివాగు ఎక్కడ పుడుతుంది?" అని అడిగింది.

"గుట్ట అవతల. మా పాత ఊరి పక్కనుంచే వస్తది మేడం."

"అక్కడ కూర్చుని తాగినా, ఇక్కడ కూర్చుని తాగినా మిషనుకి ఒకటే నీళ్లు." ఆమె గొంతులో ఇప్పుడు ఆ మొదటిరోజు ఉత్సాహం లేదు. "పదిహేనేళ్లున్నారు కదా. ఒక్క బోరు వేయించుకోలేకపోయారా?"

"అడిగాం మేడం. కాగితాలు లేనోళ్లకి బోరు ఇయ్యరంట."

ఫణి కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయాడు.

"తేలలేదని రాయండి మేడం. అవతలని రాయకండి" అంది సుక్కి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"తేలనివన్నీ అవతల కిందే రాయాలి. అది నియమం." ఇందుమతి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ నియమం రాసింది నేనే. మిషను పొరపాటు పడకూడదని, అనుమానముంటే అవతలిదే అనుకోవాలని నివేదికలో రాశాను. అప్పుడు అది జాగ్రత్త అనిపించింది."

ఆమె పైవాళ్లకు ఉత్తరం రాసింది. ఫోన్లు చేసింది. సుక్కి వరండాలో కూర్చుని ఒకవైపు మాటలే విన్నది. "కాదండీ… నీళ్లు ఒకటే కాబట్టి… తెలుసు, నేనే రాశాను… ఒక్క ఈ గుంపు వరకైనా…" తర్వాత "సరేనండి." మళ్లీ కొంచెంసేపటికి "సరేనండి."

ముత్తమ్మ కూడా వచ్చింది. పత్రాల తనిఖీకి వచ్చిన అధికారి బల్ల ముందు నిలబడి, "ఉంగి నా చేతుల్ల పుట్టింది. వాన పడతంటే గుడిసె కారింది, గొడుగు పట్టుకుని పురుడు పోసిన. ఇంకేం కావాలె నీకు?" అని అడిగింది.

అధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఆమెను కూర్చోమన్నాడు. "మీరు అబద్ధం చెప్తున్నారని నేననడం లేదమ్మా. కానీ ఈ ఫారంలో మనిషి మాట రాసే గడి లేదు" అన్నాడు. నిజంగానే లేదు. ఫారం తిప్పి చూపించాడు కూడా.

మర్నాడు ఉంగి అక్క దగ్గరకు పరుగెత్తుకొచ్చి గుప్పిట తెరిచింది. వారం నుంచి నాలుకతో ఊపుతున్న పాలపన్ను. "దీన్ని చూపెట్టు అక్కా. ఇది ఇక్కడే వచ్చింది, ఇక్కడే ఊడింది. దీనికి అవతల తెల్వదు."

సుక్కి దాన్ని కాగితంలో చుట్టి తీసుకెళ్లింది. వద్దనడానికి ఇందుమతికి మనసు రాలేదు. మిషనులో పెట్టింది. పచ్చ పట్టీ మీద ఆ పంటి పట్టీ కూడా వచ్చి కూర్చుంది. ఆమె పన్ను తీసి, మళ్లీ అదే కాగితంలో చుట్టి, సుక్కి చేతిలో పెట్టింది.

"ఇంకొకటి చెప్పాలి నీకు" అంది. "మొత్తం గుంపులో ఒక్కరికే పత్రం వచ్చింది."

"ఎవరికి మేడం?"

ఇందుమతి తెర తిప్పింది. మొదటి కొన్ని గీతలు పచ్చగా ఉన్నాయి. ఆ తర్వాత వరసగా పది గీతలు వేరే రంగులో ఉన్నాయి. పట్నంలో హాస్టలు పంపు నీళ్లు. పైన పేరు, సోడి సుక్కి.

"నేను అవతల పుట్టాను మేడం. ఉంగి ఇక్కడ పుట్టింది."

"తెలుసు" అంది ఇందుమతి.

జాబితా చదివే పని దుబాసీదే. గుంపు మధ్యలో, చింతపండు ఎండబోసే బండ మీద నిలబడి సుక్కి నూట పన్నెండు పేర్లు చదివింది. ప్రతి పేరు తర్వాత ఒకటే మాట. ముప్పై దాటాక ఎవరూ తలెత్తి చూడటం మానేశారు. అడవిలోంచి తను బతిమాలి తెచ్చిన నాలుగు కుటుంబాలూ ముందు వరసలోనే కూర్చున్నాయి. వాళ్లు ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండుననుకుంది. తన పేరు వచ్చినప్పుడు దాటేసి, చివర చదివింది.

"నా పన్ను కూడా అబద్ధమాడిందా?" అన్నాడు జోగా తాత.

"లేదు తాతా. నిజమే చెప్పింది. వాళ్లకది అర్థం కాలేదు."

"నీకు అర్థమైంది గదా. నువ్వు చెప్పలేదా?"

"చెప్పాను తాతా."

తాత తలూపి, ఆ ఒక్క పన్ను మీద నాలుక ఆడించుకున్నాడు.

ఇంటికొచ్చాక సుక్కి మెడలో కార్డు తీసి నేల మీద పెట్టింది. "నేనూ లారీ ఎక్కుతా అవ్వా. నాకీ పత్రం వద్దు" అంది తల్లితో.

హిడిమె జొన్నలు చెరుగుతోంది. చేట ఆపలేదు. "హద్దు దాటితే ఆ పత్రం చెల్లదన్నావు గదా?"

"చెల్లదు."

"మన ఇంట్లో ఎప్పుడైనా కాగితం ఉందా? ఇదే మొదటిది. దాన్ని పోగొట్టకు." చేట ఆపి అంది. "నాలుగేళ్లు ఉంటే ఇంట్లోవాళ్లను పిలిపించుకోవచ్చని ఎవరో అంటున్నారు. నిజమేనా?"

అది ఎవరూ అనలేదు. చట్టంలో ఎక్కడా లేదు. అమ్మే కల్పించిందో, ఎవరి దగ్గరైనా విన్నదో సుక్కికి తెలియలేదు. "నిజమే అవ్వా" అంది.

లారీలు తెల్లవారాక వచ్చాయి. ఆరు లారీలు, వాటి వెనక జీపు. ఇందుమతి రాలేదు. మిషనును అప్పటికే ఇంకో గుంపుకు పంపించారని, ఆమె దానితో వెళ్లక హైదరాబాదు వెళ్లిపోయిందని ఫణి చెప్పాడు. అతనే జాబితా పట్టుకుని నిలబడ్డాడు. సుక్కి కళ్లలోకి చూడలేదు.

డ్రైవర్లు దిగి నీడలో కూర్చోగానే హిడిమె బిందె మూత తీసి, గ్లాసులతో అందరికీ నీళ్లు ఇచ్చింది. పోలీసులకూ ఇచ్చింది. ఒక ముసలి కానిస్టేబులు తీసుకోవడానికి మొహమాటపడితే, తాగేదాకా ఎదురుగా నిలబడింది.

"వాళ్లకెందుకు అవ్వా?" అంది సుక్కి.

"ఇంటికొచ్చినోళ్లు గదా."

మూటలు, కోళ్ల గంపలు, విల్లంబులు, ఒక్కొక్కటీ లారీల్లోకి వెళ్లాయి. జోగా తాతను ఇద్దరు మోసి ఎక్కించారు. ఉంగి చెలమ దగ్గరకు పరుగెత్తి సొరకాయ బుర్ర నింపుకుని వచ్చి, మెడకు తగిలించుకుంది. దారిలో అందరికీ అదే.

సుక్కి నోరు ఎండిపోయింది. "కొంచెం నీళ్లు" అంది చెల్లెలితో.

ఉంగి బుర్ర మూతి విప్పబోయింది. హిడిమె ఆ చేతిని పట్టుకుని ఆపింది. "అది దారికి కావాలి" అంది. కోపంగా అనలేదు. గుడిసెలోకి వెళ్లి, బిందె మూత తీసి, అడుగున మిగిలిన నీళ్లు గ్లాసులోకి వంచింది. అంచు కొంగుతో తుడిచింది. తెచ్చి సుక్కికి అందించింది.

"నువ్వు ఇవి తాగు" అంది.

ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు గానీ, పెరిగినవాళ్లకు గానీ ఆమె ఆ నీళ్లు ఇవ్వడం అదే మొదటిసారి. సుక్కి రెండు చేతులతో గ్లాసు అందుకుంది, వచ్చినవాళ్లు అందుకున్నట్టే.

లారీ కదిలింది. ఉంగి చెయ్యి ఊపుతూనే ఉంది, ముందరి పన్ను లేని నోటితో ఏదో అరుస్తోంది, ఇంజను మోతలో వినిపించలేదు. దుమ్ము వచ్చి గ్లాసు మీద వాలింది. సుక్కి అరచెయ్యి గ్లాసుకు అడ్డం పెట్టింది. ఆ నీళ్లు తాగలేక, పారబోయలేక, లారీలు మలుపు తిరిగాక కూడా అలాగే పట్టుకుని నిలబడింది.